కలగూరగంప పిన్ని మీటింగు

ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు పిన్ని కుట్టుమిషన్ల మధ్య ఒక చుట్టు తిరిగి వచ్చేది. ప్రతి ఉదయం అదే అలవాటు. ఒకరిని అత్తగారి మోకాలినొప్పి ఎలా ఉందని అడిగేది, ఇంకొకరి భుజం మీది దారప్పోగు తీసేసేది, ఏమీ మాట్లాడని మనిషి పక్కన ఊరికే కాసేపు నిలబడేది. తర్వాత కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టుకుని పనిలోకి దిగేది.

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మా సంఘంలో ఆమెది ఇస్త్రీ పని. ఏదైనా తేల్చుకోవాల్సి వస్తే మీటింగు నడిపేది కూడా ఆమే. ఆమె పద్ధతులు ఒకచోట నేర్చినవి కావు. అందరూ గుండ్రంగా కూర్చుని వంతులవారీగా మాట్లాడడం ప్రార్థన కూటంలో అలవడింది. మనసులో మాట చీటీ మీద రాసి గోడకు అంటించడం ఏదో శిక్షణలో చూసింది. ఇద్దరిద్దరు నడుస్తూ మాట్లాడుకోవడం మాత్రం మొగుడి దగ్గర నేర్చింది. ఎదురెదురుగా కూర్చుంటే పోట్లాడుకునేవారట, పక్కపక్కన నడిస్తే మాట మెత్తబడేదట. ఏ మీటింగుకు ఏది కావాలో అది కలిపేది. అందుకే ఆమెకు కలగూరగంప పిన్ని అని పేరు పడింది. "గంపలో ఏదో ఒకటి పనికొస్తుందిలే" అని ఆమే నవ్వేది.

ఒకసారి పెద్ద చిక్కే వచ్చింది. కటింగ్ మాస్టారికి బట్ట కోయడానికి రెండో బల్ల కావాలి. అది పట్టే చోటు ఒక్కటే, పసిపిల్లలు పడుకునే మూల. ఆ మూల పోతే గుండీలకు కాజాలు కుట్టే అమ్మాయి పని మానుకోవాల్సిందే. ఇంటి దగ్గర చంటిదాన్ని చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఆ వారమంతా ఆ అమ్మాయి తల ఎత్తలేదు.

పిన్ని ముందు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టింది. మాస్టారు ఎదురుగా ఉండేసరికి ఎవరూ మనసులో మాట బయటపెట్టలేదు. "మాస్టారు ఎలా అంటే అలా" అని ఒకరి తర్వాత ఒకరు దాటేశారు. పోనీ చీటీలంటే సగం మందికి రాత రాదు. అందుకని డబ్బాలోంచి చేతికందిన రంగు గుండీ తలా ఒకటి పంచి, రెండు గిన్నెలు చూపించింది.

"పిల్లల మూల ఉండాలంటే ఈ గిన్నె, బల్ల రావాలంటే ఆ గిన్నె. ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్ళి వేసి రండి."

తీరా చూస్తే ఒక గిన్నెలో అన్నీ తెల్లవి, రెండో దాంట్లో అన్నీ నీలివి.

"ఇదేం ఓటే?" అంది పిన్ని.

"తెల్లవాటిలో నీలిది ఎలా వేస్తాం పిన్నీ? మళ్ళీ ఏరుకోవాల్సింది మనమేగా" అంది కాలర్లు కుట్టే ఆవిడ. మిగతావాళ్ళూ తలలూపారు. ఏళ్ళ తరబడి గుండీలు ఏరిన చేతులు మరి.

"గుండీలు గెలిచాయి, మనం ఓడాం" అన్నాడు మాస్టారు. కాజాల అమ్మాయికి కూడా నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఆరకముందే పిన్ని లేచింది. "ఇప్పుడు జంటలుగా వరండాలో నడిచి రండి. వచ్చాక ఎవరి మాట వాళ్ళు చెప్పకూడదు, పక్కవాళ్ళ మాట చెప్పాలి. మాస్టారూ, మీరు ఈ అమ్మాయితో."

"బాగానే ఇరికించావు పిన్నీ."

"నడవండి, ఒంటికి మంచిది."

తిరిగొచ్చి కూర్చున్నాక మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "నా బిడ్డ... అంటే ఈ అమ్మాయి బిడ్డ. పాలకు ఏడిస్తే నాకు వినబడాలి. లేకపోతే చెయ్యి సూది మీదున్నా మనసు బిడ్డ మీదే ఉంటుంది."

అమ్మాయి మెల్లగా మాస్టారి తరఫున అందుకుంది. "ఒకే బల్ల మీద పొరల మీద పొరలు పరిచి, వంగి కోస్తున్నాను. సాయంత్రానికి నా నడుం నాది కాదు. ఇంట్లో చెప్తే వయసంటారు."

మాస్టారి నడుం సంగతి అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. ఎవరో లేచి ఆయన వెనక దిండు పెట్టారు. ఆ చేతిని దేవుడు చల్లగా చూడాలి.

ఆపైన మాటలు ఆగలేదు. పిల్లల మూల ఉండాలి, బల్లా రావాలి, మరి చోటు?

"ఇస్త్రీ బల్లని వరండాలోకి జరిపి, దాని చోట కొత్త బల్ల వేస్తే?" అంది కాలర్ల ఆవిడ.

అందరూ ఒకేసారి సరేనన్నారు. మీటింగు నడిపే మనిషి తన మాట కలపకూడదన్నది పిన్ని పెట్టుకున్న నియమం. "అయితే తేలినట్టేగా" అని మాత్రం అంది. కాజాల అమ్మాయి బిడ్డను తెచ్చి ఆమె ఒళ్ళో పడుకోబెట్టింది.

అందరూ మిషన్ల దగ్గరికి వెళ్ళాక, బిడ్డను చంకన వేసుకుని పిన్ని మాస్టారి పక్కకు చేరింది.

"మాస్టారూ, ఒక సాయం చేసిపెట్టాలి."

"చెప్పు పిన్నీ."

"వచ్చే మీటింగు మీరు నడపండి. వరండాలో గాలికి బట్ట నిలవదు, వానొస్తే జల్లు కొడుతుంది. ఓ పక్క తడక కట్టించమని, నేను కూడా అందరిలో కూర్చుని నా మాట చెప్పుకోవాలి."