ప్లాట్కిన్ గారి మోకాళ్ళు

ఐజిడోర్ ప్లాట్కిన్ గారికి ఒకే ఒక్క జబ్బు ఉండేది. ఫలానా వీరుడు ఫలానా సాహసం చేశాడని ఎవరెంత గట్టిగా చెప్పినా సరే, అదేదో తనూ ఒకసారి చేసి చూస్తే తప్ప బొమ్మల పుస్తకంలోకి ఎక్కనిచ్చేవారు కాదు. యుద్ధం రోజుల్లో న్యూయార్కులో పది సెంట్లకు దొరికే ‘పక్కా వీరులు’ పత్రికకు ఆయనే సంపాదకుడు, కథలు రాసేదీ ఆయనే. తక్కిన పత్రికల్లో మనుషులు గాల్లో ఎగిరితే ఎగరనీ, ఇందులో మాత్రం అందరూ నిజంగా బతికిన మనుషులే. అట్ట మీద ‘ప్రతి బొమ్మా నిజం’ అని ఎర్రక్షరాలు. ఆ మూడు ముక్కలే ఆయన కొంప ముంచుతాయని ఆఫీసులో అనుకునేవాళ్ళు.

పోనీ మనిషి ధైర్యవంతుడా అంటే అదీ కాదు. లిఫ్టంటే హడల్. ఏడో అంతస్తులో ఉన్న ఆఫీసుకి రోజూ మెట్లెక్కే వచ్చేవారు. కిటికీ మీద పావురం వాలితే కుర్చీ గోడ దాకా జరుపుకునేవారు. అలాంటి మనిషికి ఇలాంటి జబ్బు రావడమేమిటో దేవుడికే తెలియాలి.

రోసాల్బా టుచ్చి అక్కడ చేరింది పెన్సిల్ బొమ్మల మీద సిరా దిద్దడానికి. ఆ తర్వాత బొమ్మలేసే అబ్బాయిని కూడా పటాలంలోకి లాక్కుపోవడంతో రెండు పనులూ ఆమె నెత్తినే పడ్డాయి. చేరిన మొదటి రోజే గదంతా గుప్పుమని వాసన. ప్లాట్కిన్ గారు చిన్న స్టవ్వు ముందు కూచుని గిన్నెలో గరిట తిప్పుతున్నారు.

"ఏం వండుతున్నారండీ?" అంది రోసాల్బా, కొత్త ఉద్యోగం కదా అని మర్యాదగా.

"బూటు," అన్నారాయన.

ధ్రువం దాకా వెళ్ళిన ఓ యాత్రికుడు తిండి దొరక్క తన బూట్లు ఉడకేసుకు తిన్నాడని కథలో ఉందట. ప్లాట్కిన్ గారు ఉల్లిపాయ కూడా వేశారు. ముక్క కోసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు నమిలారు. చివరికి తీర్పు చెప్పారు: "చేయొచ్చు. కానీ హాయిగా ఉండదు." ఆ సాయంత్రం ఒంటి బూటుతో రైలెక్కి ఇంటికి పోయారు. బెర్తా గారు, అంటే ఆయన భార్య, మర్నాడు ఆఫీసుకొచ్చి రెండో బూటు ఎక్కడని అందరినీ నిలదీసింది. అందరూ స్టవ్వు వైపు చూశారు.

అది మొదలు. ముత్యాల కోసం మునిగే వాడి కథ వస్తే బకెట్లో తల పెట్టారు. లెక్కలు రాసే ముసలాయన అది చూసి, పాపం అప్పుల బాధ అనుకుని, జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. నిద్ర మానేసి రోగులకు సేవ చేసిన నర్సు కథకి ఆయనా జాగారం చేసి, పొద్దున్నే ఇంకో కథ తాలూకు తడి సిరా బొమ్మ మీద మొహం వాల్చి గురక పెట్టారు. ఆ వేళంతా ఆయన చెంప మీద ఓ సైన్యాధిపతి మీసాలు ఊరేగాయి. ప్రతిసారీ తీర్పు మాత్రం ఒకటే: చేయొచ్చు, కానీ హాయిగా ఉండదు.

అక్కడితో ఊరుకుంటే బాగుండును. ఆ హాయిగా లేని ముక్కకి ప్రత్యేకంగా ఓ బొమ్మ వేయించేవారు. ధ్రువ యాత్రికుడు బూటు తిని కడుపు పట్టుకునేవాడు. ఇంకో కథలో సేనాని గుర్రమెక్కే ముందు పొద వెనక్కి పరిగెత్తేవాడు. పత్రిక యజమాని హాల్వర్సన్‌కి ఇది చూస్తే ఒళ్ళు మండిపోయేది.

"ఏమయ్యా, పిల్లలు పది సెంట్లు పెట్టేది వీరుడి కోసమా, వాడి కడుపునొప్పి కోసమా?" అని అరిచేవాడు. ప్లాట్కిన్ గారు వినయంగా తలూపి, మళ్ళీ నెల మళ్ళీ అదే పని చేసేవారు.

అలా ఉండగా కాజిమిర్ బ్రోడా కథ వచ్చింది. అతను నదిలో ఓడల్ని లాగే పడవ మీద వంటవాడు. చలికాలంలో నీళ్ళలో పడ్డ తోటివాళ్ళని దూకి బయటికి లాగాడు. సింహంలాంటి మనిషి, నవ్వుతూ దూకాడని పేపర్లన్నీ రాశాయి. పత్రికలో వేస్తున్నామని కబురు పెడితే సింహం స్వయంగా ఆఫీసుకొచ్చింది. టోపీ చేతిలో నలుపుతూ, ఆ కథ వేయొద్దని బతిమాలింది.

"నేను మళ్ళీ పడవెక్కలేదు సార్. రేవు దగ్గరికి పోతే కాళ్ళు వణుకుతాయి. ఒడ్డునే ఓ పూటకూళ్ళింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తున్నా. జనం సింహం అంటూ వీపు తట్టినప్పుడల్లా, వీళ్ళని మోసం చేస్తున్నానే అనిపిస్తుంది. ఇప్పుడు ఆ నవ్వు మొహం మీరు అచ్చేస్తే ఇంక నేను ఈ ఊళ్ళో తలెత్తుకోలేను."

ప్లాట్కిన్ గారు అంతా విని, "నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయి?" అని అడిగారు. రోసాల్బా గబుక్కున లేచి తాడు కోసం వెతికింది. ఆయనకి ఈత రాదని ఆమెకు తెలుసు.

ఇద్దరూ ఎంత వారిస్తున్నా వినకుండా ఆయన మెట్లన్నీ దిగి, రేవుకి నడిచి, పడవల పక్కన చెక్క అంచు మీద నిలబడ్డారు. ఆయన నడుముకి తాడు కట్టి రెండో కొస ఓ గుంజకి బిగించింది రోసాల్బా. మనిషి పైకి నిబ్బరంగానే ఉన్నారు గానీ, మోకాళ్ళు రెండూ ఒకదాన్నొకటి టకటకా కొట్టుకుంటున్నాయి. చేతులు ఊరుకోక, వెంట తెచ్చిన కాగితం మీద ఆమె ఆ మోకాళ్ళనే గీసింది. బ్రోడా దూరంగా గోడకి అతుక్కుని, "వద్దు సార్, వెనక్కి రండి," అంటూనే ఉన్నాడు.

ప్లాట్కిన్ గారు దూకారని తర్వాత ఆఫీసులో చెప్పుకున్నారు. అది అబద్ధం. మంచు మీద జారారు.

మేకపిల్లలా ఓ అరుపు వినిపించింది, ఆ తర్వాత టోపీ ఒక్కటే తేలింది. రోసాల్బా తాడు లాగబోతే ఆమె కాళ్ళే జారుతున్నాయి. అంతలో పక్కనుంచి ఎవరో విసురుగా దాటిపోయారు. చూస్తే బ్రోడా. చెక్క అంచు దాటి, పడవ మీదికి గెంతి, ఇనప కొక్కెం ఉన్న గెడతో ప్లాట్కిన్ గారిని కోటు కాలరు పట్టి పైకి లేపాడు. ఆ పడవ వంటగదిలోనే పొయ్యి ముందు కూలేసి, దుప్పటి కప్పి, తిట్టుకుంటూ క్యాబేజీ చారు కాచాడు. తను నిలబడ్డది పడవ మీదేనని చారు పొంగేదాకా గమనించుకోలేదు.

"చేయొచ్చు," అన్నారు ప్లాట్కిన్ గారు పళ్ళు టకటకలాడిస్తూ. "కానీ..."

"హాయిగా ఉండదు," అన్నాడు బ్రోడా. "ఆ రోజు నేను వెంటనే దూకలేదు సార్. చాలాసేపు పడవ కమ్మీ వదల్లేక వణుకుతూ నిలబడ్డాను."

"ఆ బొమ్మే కావాలి నాకు."

రోసాల్బాకి ఇంక ఆగలేదు. ఇన్నాళ్ళూ ఈ పిచ్చి పనులన్నీ ఎందుకని కడిగేసింది. ప్లాట్కిన్ గారు చారు గిన్నెలోకి చూస్తూ సిగ్గుపడ్డారు.

"నిజమని అట్ట మీద వేస్తాం కదమ్మాయ్. చదివేవాడికి పావురమన్నా భయం ఉందనుకో. వీరులెవరికీ భయం లేదని మనం చెబితే, వాడు ఇక తనెందుకూ పనికిరాడనుకుంటాడు. అందుకని వాళ్ళెక్కడ భయపడి ఉంటారో వెతుకుతాను. పిరికివాణ్ణి గనక నాకు తొందరగా దొరుకుతుంది."

ఆ కథలో, కమ్మీ పట్టుకుని వణికే బ్రోడా పెద్ద బొమ్మ చూడగానే హాల్వర్సన్ బల్ల గుద్దాడు. వణికే మనిషి మీద నవ్వుతూ దూకే మనిషిని అతికించాలి, లేదంటే ప్లాట్కిన్ ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి. బొమ్మలో తప్పుంటే వేరే కాగితం మీద వేసి రబ్బరు జిగురుతో పైన అంటించడం ఆ పనిలో మామూలే. రోసాల్బా బుద్ధిగా నవ్వే మనిషిని వేసి, హాల్వర్సన్ కళ్ళ ముందే అంటించింది. ఆ రోజు జిగురు కాస్త పలచగా పడింది. అచ్చుదిమ్మెలు చేసే చోటికి పోయేలోపు నవ్వే మనిషి ఏ వీధిలో రాలిపోయాడో ఎవరికీ తెలియదు.

పుస్తకం బయటికొచ్చాక హాల్వర్సన్ చిందులు తొక్కాడు. దుకాణాలవాళ్ళు ఇంకొన్ని కాపీలు పంపమంటుంటే తొక్కడం మానేశాడు. జిగురు డబ్బా మాత్రం మార్పించాడు.

ఆ వారమే బ్రోడా పుస్తకం పట్టుకుని వచ్చాడు. మళ్ళీ పడవలో పనికి కుదిరానని చెప్పి, పెద్ద బొమ్మ తెరిచి బల్ల మీద పరిచాడు.

"మొహం సరే గానీ, నా మోకాళ్ళు ఇంత బాగా ఎలా కుదిరాయమ్మా?"

"అవి నావి," అన్నారు ప్లాట్కిన్ గారు.

"ఊరుకోండి సార్. నా మోకాళ్ళు నాకు తెలియవా?"

"నిజం అని అట్ట మీద వేశాం. చూసి తేల్చుకుందాం," అంటూ ఆయన పంట్లాం పైకి మడవడం మొదలుపెట్టారు. బ్రోడా కూడా మడిచాడు. ఎవరివో తేల్చమని ఇద్దరూ నాలుగు మోకాళ్ళు బారు పెట్టి రోసాల్బా ముందు నిలబడ్డారు. ఆమె సిరా కలం కింద పెట్టి వంగి చూస్తోంది. సరిగ్గా అప్పుడే కిటికీ మీద పావురం వాలింది. నాలుగింట్లో రెండు మోకాళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలెట్టాయి.

"ఇవీ ఆ మోకాళ్ళు," అంది రోసాల్బా.