ఆరిన తర్వాత తెలుపు

నా చిన్నప్పుడు మా మేనత్త అత్తవారింటిని వదిలేసి తాండూరు దగ్గరి మా ఊరికి వచ్చేసింది. మా ఇంట్లోనే ఓ మూల ఉండమన్నాడు నాయిన. ఆమె ఒప్పుకోలేదు. ఎవరి మూలా తనకొద్దని, ఖాళీగా పడి ఉన్న మా పశువుల కొట్టం అడిగింది. గోడలు పొగచూరి నల్లగా ఉండేవి. దసరా నాటికి అది మనుషులుండే ఇల్లులా కనిపించకపోతే మా ఇంటికి రావాల్సిందేనని నాయిన షరతు పెట్టాడు.

"సరే తమ్మీ. దసరానాడు జమ్మి పట్టుకొని నువ్వే నా గడపకు వస్తవు సూడు," అంది అత్త.

బట్టీలో కాల్చిన సున్నపురాళ్లు తెచ్చి గోలెంలో నీళ్లలో వేసింది. రాళ్లు పగిలి నీళ్లు కుతకుతలాడాయి. కంట్లో పడుతుందని నన్ను దూరంగా నిలబెట్టింది. కొన్నాళ్లు నానాక పాత చీరలో వడగట్టి, తుమ్మబంక నీళ్లు, పిడికెడు ఉప్పు కలిపింది. అది నీళ్ల మజ్జిగలా ఉంది. పండుగ ముందురోజు గోడకు పూస్తే తడి తప్ప తెలుపు కనిపించలేదు.

పక్కింటామె పకపకా నవ్వింది. "ఏందే, గోడకు తానం పోస్తున్నవా?"

"ఆరనియ్యి వదినా. అప్పుడు నవ్వు."

ఆ నవ్వుకు నేనే తట్టుకోలేకపోయాను. అత్త అన్నం తింటుండగా గోలెం అడుగున ఉన్న ముద్దసున్నం తీసి గుమ్మం పక్క గోడకు మందంగా మెత్తాను. వెంటనే తెల్లగా మెరిసింది. అత్త వచ్చి చూసి తల పట్టుకుంది.

"రాయిని కాలిస్తే సున్నమైంది. గాలి తాకితే మల్ల రాయైతది కొడుకా. పలుచగ పూస్తెనే లోపలిదాంక గాలి పోతది. నువ్వు గోడకు దుప్పటి కప్పినవు."

తెల్లారేసరికి అత్త పూసిన గోడలు కళ్లు చెదిరేంత తెల్లగా ఉన్నాయి. నేను మెత్తిందంతా పెచ్చులుగా ఊడి గడపలో పడి, ఆ చోట పాత నలుపు బయటపడింది. ఇల్లు పోయేది నా వల్లేనని నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం నాయిన జమ్మి ఆకుతో వచ్చి ఆ నల్లమచ్చ ముందే ఆగాడు. "గిదేంది మరి?"

"అది నీ కొడుకు పనితనం. నా చేతిదేదో గోడలనడుగు."

నాయిన అరచేత్తో గోడను రుద్ది చూశాడు. చేతికి తెలుపు అంటలేదు. జమ్మి ఆమె చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు.

తర్వాత బడిలో సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే అది పాలలా తెల్లబడింది. ఊపిరి తగిలి రాయి పుడుతోందని సారు చెప్పినప్పుడు, అత్త ముందే చెప్పింది కదా అనుకున్నాను. అయినా బుద్ధి రాలేదు. నలుగురు నవ్వుతారన్న భయంతో చాలా పనులు మందంగా మెత్తాను, అన్నీ ఊడిపోయాయి.

ఇప్పటికీ నా ఇంటికి నేనే సున్నం వేస్తాను. రంగు డబ్బా తెచ్చుకోరాదా అని దారిన పోయేవాళ్లు నవ్వితే కుంచె దించను. తడిగోడ మీద చెయ్యి పెట్టి, ఆరనియ్యండి అంటాను.