ఏదైనా సరే అని రాసిన చోట

అనకాపల్లిలో ఒక మందుల షాపు మేడ మీద గదిలో నేనూ మా సారూ ప్రోగ్రాములు రాసేవాళ్లం. ఇప్పటికీ అక్కడే రాస్తున్నాం. సార్ నాకంటే పదేళ్లు పెద్ద. పని తెచ్చేది ఆయనే, నేను రాసింది చూసేదీ ఆయనే. రెండేళ్ల కిందట మా చేతిలో ఉన్న పనుల్లో ఒకటి చుట్టుపక్కల ఊళ్ల చెరుకు రైతుల సంఘానిది. సంఘానికి చెరుకు నరికే యంత్రాలు రెండున్నాయి. ఏ ఊరికి ఆ ఊరు, ముందు పేరు రాయించుకున్నవాళ్ల చేలోకి యంత్రం ముందు వెళ్లాలి. ఆ వంతులు వేసి, ఫలానా రోజు మీది అని రైతు ఫోన్‌కి మెసేజ్ పంపే ప్రోగ్రాము నేను పైథాన్‌లో రాసేను.

పైథాన్‌లో, ఈ చోట అంకెలే రావాలి, ఆ చోట అక్షరాలే రావాలి అని ముందే రాసి పెట్టుకోవచ్చు. రాయకపోయినా ప్రోగ్రాము నడుస్తుంది. రాసి పెట్టుకుంటే మాత్రం, ఒకటి రావలసిన చోట ఇంకోటి వచ్చేలా ఉంటే, నడపకముందే పట్టి చూపించే తనిఖీ ప్రోగ్రాము ఒకటుంది. సార్ దాన్ని తెచ్చి పెట్టేరు. పెట్టిన రోజున నేను రాసిందాని నిండా ఎర్ర గీతలే. మొదటి వారం ఒక్కొక్కటీ కూర్చుని సరిచేసేను. రెండో వారానికి ఓపిక అయిపోయింది. మిగిలిన ప్రతిచోటా 'ఎనీ' అని రాసేసేను. ఇక్కడ ఏదొచ్చినా సరే, నువ్వు అడక్కు అని దానర్థం. ఆ మాట కనపడితే తనిఖీ ఊరుకుంటుంది. సాయంత్రానికి ఎర్ర గీత ఒక్కటి లేదు. సార్ మెచ్చుకున్నారు. ఎలా పోయేయని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

అలా నోరు మూయించిన వాటిలో, పేరు రాయించుకున్న వరసలో సంఘం ఇచ్చే వంతు నంబరు ఒకటి. ఇక్కడికి అక్షరాలు కూడా రావచ్చు, చూసుకో అని తనిఖీ చెప్పింది. చదివేను కూడా. నంబరులో అక్షరాలు ఎవరు రాస్తారులే అనుకున్నాను.

నరుకుళ్లు మొదలైన నెలకి, ఒక పూట కె. కోటపాడు వైపు నుంచి ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. అరవై ఉంటాయి. సంఘం వాళ్లనడిగితే కంప్యూటర్ వాళ్లనడుగు అని పంపేరట. మెసేజ్ ఇంకా రాలేదని ఫోన్ నా చేతికిచ్చింది.

"నా యెనకాల పేరు రాయించుకున్నోళ్ల సేలు నరికేసేరమ్మా. నాది అలాగే ఉండిపోయింది. నేనేటి తప్పు సేసేను?"

ఆ ఊరి జాబితా తెరిచి చూసేను. తెర మీద నంబర్లు రావు, వరసగా పేర్లే. ఆవిడ పేరు అట్టడుగున ఉంది.

"మీది ఆఖరి వంతమ్మా. కంప్యూటర్ వరసే చూస్తుంది. దానికి మీరూ నేనూ ఒకటే," అన్నాను.

ఆఖరేనా అని ఆవిడ మళ్లీ అడిగింది. ఆఖరే అన్నాను. మంచినీళ్లు తాగి, గోడ పట్టుకుని దిగి వెళ్లిపోయింది. ఆ రోజు నాకు ఇంకో రెండు పనులు ఇచ్చెయ్యాల్సి ఉంది. ఆవిడ సంగతి మర్చిపోయేను.

పది రోజులకి అదే ఊరి ఇంకో రైతు సంఘానికి ఫోన్ చేసి గొడవపడ్డాడు. తనది ఆరో నంబరట, నలభైయో నంబరు వాడి చేను కూడా అయిపోయిందట. సార్ జాబితాని నంబర్లతో సహా కాగితం మీద తీయమన్నారు. తీసి ఇద్దరం చూసేం. ఒకటి తర్వాత పది, పదకొండు, అలా పందొమ్మిది దాకా. ఆ తర్వాత రెండు, ఇరవై. అన్నిటికన్నా కింద తొమ్మిది. పెద్దావిడది తొమ్మిది.

జరిగింది ఇది. ఆ ఊళ్లో అన్నదమ్ములిద్దరు చేను పంచుకున్నారు. పద్నాలుగో నంబరు ఇద్దరికీ కావాలన్నారు. సంఘం గుమస్తా 14ఎ, 14బి అని రాసి, అందుకోసం పట్టికలో ఆ ఊరి నంబర్లన్నిటినీ అక్షరాల కింద మార్చేడు. అక్షరాలనుకుంటే నా ప్రోగ్రాము నిఘంటువులో మాటల్లాగే పేరుస్తుంది. పదిలో ముందున్న ఒకటిని చూసి దాన్ని తొమ్మిది కంటే పైన పెట్టింది. ఎక్కడా ఆగలేదు, తప్పని చెప్పలేదు. ఏదైనా సరే అని నేనే కదా రాసేను.

సార్ ఆ లైను దగ్గరికి వెళ్లి 'ఎనీ' చూసేరు. ఇలాంటివి ఎన్నున్నాయని అడిగేరు. వెతికితే అరవై దాటేయి. ఆయన కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు.

"నేనూ చూడలేదు కదా," అన్నారు. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది.

మర్నాడు బస్సెక్కి ఆవిడ ఊరు వెళ్లేను. చెరుకు పూతకొచ్చేసింది. ఆవిడ ఒక గడ నరికి చీల్చి చూపించింది. లోపల తెల్లగా బెండు. ఆరోజు మీకు తప్పు చెప్పేనని, వరస ఎలా తప్పిందో వీలైనంత తేలిగ్గా చెప్పేను. ఆవిడ అంతా విన్నది.

"నాకు సదువు రాదమ్మా. అయినా పది కంటే తొమ్మిది ముందొత్తదని నాకు తెలుసు. మీ కంప్యూటర్‌కి తెలీదేటి?"

"దాన్ని చూడొద్దన్నది నేనేనమ్మా," అన్నాను.

ఎండగా ఉంది, నీడకి రమ్మంది ఆవిడ.

మూడో రోజున యంత్రం ఆవిడ చేలోకి వెళ్లింది. రసం తక్కువొచ్చిందని తర్వాత గుమస్తా చెప్పేడు. ఎంత తక్కువని అడగడానికి నాకు నోరు రాలేదు. సంఘం పని మా దగ్గరే ఉంచింది. మెసేజ్‌లు పంపే ముందు జాబితా తమకి చూపించాలని మాత్రం షరతు పెట్టింది.

అప్పటినుంచి ఆ ఎనీలు తీస్తున్నాను. ఒక్కటి తీయాలంటే అక్కడికి నిజంగా ఏమొస్తుందో తెలియాలి. తెలియాలంటే గుమస్తాకి ఫోన్ చెయ్యాలి, ఆయనకీ తెలియకపోతే ఊళ్లో అడిగించాలి. రాసినప్పుడు ఒక్క సాయంత్రంలో అయిపోయింది. తీయడానికి కొన్ని వారాలు ఒక్కటీ కుదరదు. కొత్త పనులు మధ్యలో వస్తూనే ఉంటాయి, మెడ నొప్పి, కళ్ల మంట. నిన్న ఒకటి తీస్తే దాని కింద ఇంకో తప్పు బయటపడింది. ఇన్నాళ్లూ ఎవరికీ తగల్లేదంతే. సార్‌ని పిలిచి చూపించేను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదట్నుంచి చెప్పమన్నారు.