ముసలమ్మ పలకని పేరు

త్రినాథ్ గెలిచిన తగాదా ఒకటి నేను కళ్లారా చూశాను. చేతిలో రెండు సూదులుండగా, మంచం మీద నుంచి లేవకుండా గెలిచాడు.

మాది ఉద్దానం. కొబ్బరిచెట్టు ఎంత మామూలో మా వైపు కిడ్నీ జబ్బు అంత మామూలు. వారానికి మూడు రోజులు తెల్లారగానే బస్సెక్కి డయాలసిస్‌కు వెళ్తాం. నాలుగు గంటలు మంచం మీద పడుకుంటే ఒంట్లో రక్తం గొట్టంలోంచి మిషనులోకి పోయి, శుభ్రమై తిరిగొస్తుంది. నాది నాలుగో మంచం, త్రినాథ్‌ది ఐదోది. మిషన్లు చూసుకునేవాడు మోహనకృష్ణ. చుట్టరికం ఏమీ లేకపోయినా వీళ్లిద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. ఆ రోజు నా బీపీ చూడాల్సినవాడు అది చూడడం మానేసి, మంచాల మధ్య నిలబడి వాదిస్తున్నాడు.

వాదన పొలం గట్టు గురించి కాదు, పెళ్లి సంబంధం గురించీ కాదు. వీడియో గేము గురించి. ఇరవై రెండేళ్లుగా ఏడు భాగాలుగా వచ్చిన ఆట అది. దాని పేరు ఇంగ్లీషులో చాంతాడంత ఉంటుంది, వార్డులో మేమంతా దీవుల ఆట అంటాం. అందులో పడవ నడిపే వీరుడొకడు, ఒర్విక్ అని. మొదటి భాగంలో వాడి ఎడమచేతి వేళ్లు రెండు తెగిపోతాయి. మూడో భాగంలో సముద్రంలో మునిగి చచ్చిపోతాడు. నాలుగో భాగంలో అదే పేరుతో, అదే మొహంతో, పది వేళ్లతో మళ్లీ కనబడతాడు. ఎలా వచ్చాడో ఆట తయారుచేసినవాళ్లు చెప్పలేదు. ఆడేవాళ్లు మాత్రం దేశదేశాల నుంచి ఫోనుల్లో దాని గురించే కొట్టుకుంటున్నారు.

"ఆళ్లు మర్సిపోనారు బావా," అన్నాడు మోహనకృష్ణ. "పాతోళ్లు మానీసినారు, కొత్తోళ్లు వచ్చినారు. ఆడికి రెండు వేళ్లు నేవని కొత్తోళ్లకి తెల్దు. దీనికి నువ్వు పురాణం కట్టీసి కూకున్నావు."

"సరే. నాలుగో దాంట్లో ఆడి ఇంట్లో పెట్టె తెరిస్తే ఏటి దొరుకుతాది?"

"పాత సేతితొడుగు."

"దాన్ని పెద్దది సేసి సూడు."

మోహనకృష్ణ ఫోను తీసి చూశాడు. నాకూ చూపించాడు. తోలు తొడుగు. దాని వేళ్లలో రెండు మొదలుకంటా మడిచి కుట్టేసి ఉన్నాయి. కుట్టు స్పష్టంగా కనిపిస్తోంది.

"బొమ్మ గీసినోడు మర్సిపోతే ఆ రెండూ ఎందుకు కుట్టినాడు?" అన్నాడు త్రినాథ్. "ఆ తొడుగు మూడోదాంట్లో మునిగి సచ్చినోడిది. ఇప్పుడు పడవ నడిపేవోడు ఆడి మనవడు. తాత పేరు మనవడికి ఎట్టినారు. మన ఇళ్లలో ఎట్టరేటి?"

మోహనకృష్ణ కళ్లు చికిలించి ఆ కుట్టును ఇంకా పెద్దది చేశాడు. ఫోనుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఒకటో మంచం గంగులు నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

"ఓడిపోనావు గనక, ఎల్లుండి నా సూది ఒక్క పోటుకే పడాల," అన్నాడు త్రినాథ్.

ముప్పై మూడేళ్ల మగాడు బొమ్మలాట గురించి ఇంత రాద్ధాంతం చెయ్యడమేమిటని ఆ రోజు నేను మొహం మీదే అన్నాను. వాడు కోపం తెచ్చుకోలేదు. "నాకు ఇంకేటున్నాది మామ్మా," అన్నాడు.

వాడికి నిజంగా ఇంకేమీ లేదు. తల్లి ఈ జబ్బుతోనే పోయింది, అన్న ఈ జబ్బుతోనే పోయాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఒకటి నడిపేవాడు. పెళ్లి కుదిరింది. పిల్లవైపువాళ్లు రక్తపరీక్ష చేయించుకురమ్మన్నారు. మా వైపు ఇప్పుడు జాతకాల కంటే ముందు అదే చూస్తున్నారు. వెళ్లాడు, చేయించుకున్నాడు. కాగితం చూసి వాళ్లు వెనక్కి పోయారు. తనకు జబ్బుందని వాడికి తెలిసింది అలాగే. ఆ తర్వాత కొట్టు మూతపడింది, చెల్లెలు అనూరాధ ఇంట్లో ఒక గది మిగిలింది. ఆ గదిలో టీవీ, ఆట ఆడే పెట్టె. ఇంగ్లీషు కూడా బళ్లో కాదు, ఆ ఆటలో తెర కింద పడే మాటలు చదివి నేర్చుకున్నాడు. నేను ఐదో తరగతి గడప దాటలేదు గనక, అలా నేర్చినవాణ్ణి తక్కువ చెయ్యను.

నాలుగు గంటలు పైకప్పు చూస్తూ పడుకోవడం కంటే కథ వినడం నయం కదా. చెప్పమన్నాను. ఏడు భాగాలూ మొదటి నుంచీ చెప్పాడు. వర్షాకాలమంతా పట్టింది. నేను నలభై ఏళ్లు జీడిపిక్కలు కొట్టినదాన్ని. పిక్కలు కొట్టే షెడ్డులో పక్కనున్నావిడ కథ చెబుతుంటే చేతులు ఆగకుండా వినడం అలవాటు. ఎక్కడ చెప్పింది మళ్లీ చెప్పాడో, ఎక్కడ దాటేశాడో పట్టుకునేదాన్ని.

నాలుగో భాగంలో, ఒర్విక్ ఇంటి ముందు రేవులో ఒక ముసలమ్మ కూర్చుని వల అల్లుతూ ఉంటుంది. వాడికి అన్నం పెడుతుంది, తిడుతుంది, జాగ్రత్తలు చెబుతుంది. ఆవిడెవరో ఆటలో చెప్పరు.

"ఒక్కటే తిక్క మామ్మా," అన్నాడు త్రినాథ్. "అందరూ ఆణ్ణి ఒర్విక్ అని పిలుస్తారు. ఈ ముసల్ది ఒక్కపాలీ పిలవదు. కుర్రోడా అంటాది, పడవోడా అంటాది. నూటపన్నెండు మాటలున్నాయి దానికి. అన్నీ రాసుకున్నాను. పేరు ఎక్కడా నేదు."

"ఎలా పిలుస్తాదిరా? దాని మొగుడి పేరు కాదా అది?" అన్నాను.

వాడు నావైపు తిరగబోయాడు. మిషను కీచుమంది. మోహనకృష్ణ పరుగెత్తుకొచ్చి చెయ్యి సరిచేసి ఇద్దర్నీ తిట్టాడు.

ఇందులో వింత ఏముంది? మా పెద్ద మనవడికి మా ఇంటాయన పేరు పెట్టారు. వాడు పుట్టి ఇరవై ఏళ్లయింది, ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. పెద్దోడా అంటాను. ఆ పేరు ఇక్కడా రాయను. రేవులో ముసలమ్మ మునిగిపోయిన ఒర్విక్ పెళ్లాం అయితే, చిన్న ఒర్విక్ నాయనమ్మ అయితే, ఆ పేరు నోటెంట ఎందుకు వస్తుంది?

త్రినాథ్ రెండు వారాలు కూర్చుని దీన్నంతా ఇంగ్లీషులో రాశాడు. తొడుగు బొమ్మ, ముసలమ్మ నూటపన్నెండు మాటలు, మా వైపు ఆచారం. మా ఊరి మామ్మ ఒకావిడ చెప్పింది అని నన్నూ అందులో పెట్టాడు. ఆ ఆట ఆడేవాళ్లు రాసుకునే చోట పెట్టాడు. వేలమంది చదివారు. గంజాం వైపు ఒడియావాడొకడు మా నాయనమ్మా ఇంతే అని రాశాడట. చాలామంది మాత్రం ఎగతాళి చేశారు. అయినా ఆ నెల వాడి మొహంలో రక్తం మిషను ఎక్కించింది కాదు.

తర్వాత ఎనిమిదో భాగం వస్తోందని ఆ కంపెనీవాళ్లు రెండు నిమిషాల బొమ్మ ఒకటి వదిలారు. అందులో ఒర్విక్ పడవ దిగి వస్తాడు. వల పక్కన పెట్టి ముసలమ్మ లేస్తుంది. వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంటుంది. ఏదో అనడానికి నోరు తెరుస్తుంది. అక్కడ ఆపేశారు. ఇన్నాళ్ల ప్రశ్నకు జవాబు ఇందులోనే అని కింద రాశారు. వచ్చే దసరాకట.

"నోరు తెరిసినాది మామ్మా," అన్నాడు. "పేరెట్టి పిలిస్తే నాను తప్పు. పిలవకుండా ఇంకోటేదైనా అంటే మనిద్దరం రైటు."

దసరా దాకా ఉంటానని వాడి లెక్క. మంచినీళ్లు కొలుచుకుని తాగేవాడు. ఉప్పు ముట్టుకోలేదు. మేమంతా దొంగతనంగా పచ్చడి నాకేవాళ్లం, వాడు కాదు. మనిషి బతకడానికి అంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు.

వేసవి చివర రెండు కబుర్లు ఒకే వారం వచ్చాయి. సూదులు గుచ్చడానికి చేతిలో నరాలు కలిపి కుట్టి ఒక దారి చేస్తారు. దాని మీద చెయ్యి వేస్తే లోపల బస్సు ఇంజను నడుస్తున్నట్టు ఉంటుంది. వేసవి మొదట్లోనే ఒక పొద్దున్న త్రినాథ్‌కు అది ఆగిపోయింది. మోహనకృష్ణ నాలుగు చోట్ల పొడిచి, బయటికి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చి మళ్లీ పొడిచాడు. విశాఖ తీసుకెళ్లి రెండో చేతికి చేయించారు. అదీ నిలవలేదు. మెడలో గొట్టం పెట్టారు. గొట్టం చీము పట్టింది, జ్వరం పట్టుకుంది. ఇక కొత్త దారి చెయ్యడానికి నరం లేదన్నారు, అది మొదటి కబురు.

రెండో కబురు, ఆట దసరాకు రాదు. ఇంకా బాగా చెయ్యాలట, ఏడాదిన్నర పడుతుందట.

ఆ రోజు వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. దిగేటప్పుడు, "పోయేది ఎలాగూ పోతాను. ముసల్ది ఏటన్నాదో తెలీకుండా పోవాల, అదే బాద," అన్నాడు.

మోహనకృష్ణ చెప్పగా త్రినాథ్ కంపెనీకి ఉత్తరం రాశాడు. జబ్బు సంగతి రాశాడు. కథ చెప్పక్కర్లేదు, అవును కాదు అని ఒక్క మాట చెబితే చాలు, ఎవరికీ చెప్పను అని రాశాడు. రాసిన నిమిషానికే జవాబు వచ్చింది. మీ అభిమానానికి కృతజ్ఞతలు, కథ గురించి బయటివాళ్లు పంపేవి మేం చదవం అని. అది మనిషి రాసింది కూడా కాదట, మిషనే పంపుతుందట. మిషన్ల మంచితనం మాకు కొత్త కాదు గనక నేనేమీ అనలేదు.

అప్పుడే నాకు ఒక సంగతి తెలిసింది. ఆ ఆట చేసిన దేశంలో పెళ్లాలు మొగుణ్ణి పేరు పెట్టే పిలుస్తారట. పెళ్లిలోనే, అందరి ముందూ. మోహనకృష్ణ మాటవరసకు అన్నాడు. నేను మా ఇంటి సంగతి చెబితే వీడు దాన్ని పట్టుకుని ప్రపంచం మీదికి వెళ్లాడు. ఎవరో దొరలు రాసిన ముసలమ్మకు మా ఉద్దానం సిగ్గు ఎందుకుంటుంది? తప్పు నాది. నాలుగు వారాలు నోట్లో పెట్టుకుని తిరిగాను. తప్పు ఒప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

చివరికి వాడు రావడం మానేశాక అనూరాధ ఇంటికి వెళ్లాను. ఒళ్లంతా నీరు పట్టి, గోడకు దిండ్లు వేసుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి అందదు. ఆ సంగతి చెప్పేశాను.

"నాకు తెల్సు మామ్మా," అన్నాడు. "నువ్వు సెప్పిన రోజే తెల్సు. ఇంగిలీసు సదివినోణ్ణి కాదేటి."

"తెలిసి ఎందుకు రాసినావురా?"

"బాగున్నాది గదా. ఆళ్లు ఎట్టిన కథకంటా అదే బాగున్నాది."

అనూరాధ గుడ్డ తడిపి పెదాలకు అద్దింది. కాసేపు ఊపిరి తీసుకోవడమే పని అయింది వాడికి. నేను కూర్చునే ఉన్నాను. లేచి వస్తానని చెప్పబోతే కొంగు పట్టుకున్నాడు.

వాడు పోయి నాలుగు నెలలైంది. ఆట ఇంకా రాలేదు. నా చేతిలో ఇంజను ప్రస్తుతానికి నడుస్తూనే ఉంది. వాడు ఆ రోజు అన్న మాటలు మార్చకుండా రాస్తున్నాను.

"ఆట వచ్చినప్పుడు మోహన్ పక్కన కూకుని సూడు మామ్మా. ముసల్ది నోరిప్పిందాకా సూడు. పేరెట్టి పిలవనేదనుకో, ఊరుకో, ఆళ్లే సూసుకుంటారు. పిలిసినాదనుకో, ఎవుడో నవ్వకముందే నా రాత కింద త్రినాథ్‌ది తప్పు అని రాయి. మోహన్ సేత రాయించకు, ఆడు నాకోసం అబద్దం రాసెత్తాడు. తెలుగులోనే రాయి, పర్వానేదు. నాను సచ్చినానని మాత్రం రాయకు. తప్పు అని ఒక్కటే రాయి."