రామలక్ష్మి తోమిన ఇత్తడి గుండిగ

మా నిడదవోలు వీధిలో మరక కనబడితే నిద్రపట్టని మనిషి రామలక్ష్మి. గడప, గచ్చు, చివరికి గ్యాసు బండ కూడా తోముతుంది. వీధి వినాయకుడి పందిట్లో పులిహోర ఎప్పుడూ ఆవిడ చేతిదే. మరొకరు గరిటె ముట్టుకుంటే ఊరుకోదు.

మొన్నటి చవితికి ఏం జరిగిందో వినండి.

ముందురోజు వాళ్ల అత్తగారి ఇత్తడి గుండిగను అటక మీంచి దింపింది. లోపలంతా తెల్లగా, మసకగా ఉందని పీచు పెట్టి తోమితోమి, బంగారంలా మెరిపించింది. సాయంత్రం అందులోనే చింతపండు పులుసు ఉడికించి, తెల్లారి అన్నంలో కలుపుదామని మూతపెట్టింది.

పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. నైవేద్యాన్ని రుచి చూడకూడదు, సరే. మూత తీసి చూడకూడదని ఎవరూ అనలేదుగా! తీశాను. పులుసు అంచుల వెంట ఆకుపచ్చ చార.

"రామలక్ష్మీ! ఇందులో ఏం పడిందే?"

"ఏం పడుద్దండి పిన్నిగారూ, మీ కళ్లద్దాలు తుడుచుకోండి," అంటూ నవ్వుతూ వచ్చి చూసింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

రామలక్ష్మి కోడలు హారతి హైస్కూల్లో సైన్సు చెబుతుంది. గరిటెతో పులుసు పక్కకు తోసి అడిగింది: "అత్తయ్యా, లోపలి తెలుపు ఏమైంది?"

"మురికి కదా, వదలగొట్టేశాను."

"అయ్యో, అది కళాయండీ! పులుపు ఇత్తడికి తగలకుండా పూసిన తగరం!"

"బాగా మరిగిస్తే పోదటే?" అన్నాను.

"పోదు మామ్మగారూ. గడ్డకట్టిన నెయ్యి కరిగిస్తే మళ్లీ నెయ్యే. రూపం మారిందంతే. ఇక్కడ పులుపు ఇత్తడిలోని రాగిని తినేసింది. రెండూ కలిసి వేరే పదార్థమైపోయాయి, ఇక వెనక్కి రావు. తింటే వాంతులే."

"పెరుగు మళ్లీ పాలు కానట్టా?"

"అలాగేనండి."

రుచి చూడకూడని వంట. ఎవరు పసిగట్టేవాళ్లు? వీధి పిల్లలంతా ఆకుల్లో పెట్టించుకు తినేసేవాళ్లు.

వీధిలోంచి కమిటీ బుజ్జిబాబు కేక: "అత్తా, పంతులుగారు పిలుస్తున్నారు! పులిహోర ఏదీ?"

పందిట్లో రామలక్ష్మికి ఇన్నేళ్ల పేరు. ఒక్క క్షణం గుండిగ అంచు పట్టుకుని నిలబడింది. తర్వాత గుమ్మంలోకి వెళ్లి గట్టిగా చెప్పింది.

"పులిహోర లేదురా. నేనే పాడుచేశాను. పెరట్లో గొయ్యి తవ్వు, పారబోయాలి."

ఆరబోసిన అన్నం అలాగే ఉంది. పెరుగు తెప్పించాం. రామలక్ష్మి స్టీలు గిన్నె ముందు కూర్చుంది. గరిటెను హారతికి అందించింది.

"నువ్వు కలుపమ్మా."

వినాయకుడు ఆ చవితికి దద్దోజనం తిన్నాడు.

తర్వాత గుండిగకు కళాయి వేయించింది. కరిగిన తగరం లోపలంతా పాకి తెల్లగా చల్లారే దాకా కళ్లార్పకుండా చూసింది. ఇప్పుడు బయట ఎంతైనా తోముతుంది. లోపల మాత్రం మెత్తటి గుడ్డే.