రాజక్కకు తెలిసిన నీళ్లు

వాన వెలిసిన మర్నాడు మా డివిజన్‌లో ఏ గోడ మీద చూసినా తడిసిన పరుపులే ఉంటాయి. ఎండ తగలగానే వాటిలోంచి బురద, దూది, మురుగు కలిసిన వాసన లేస్తుంది. ఇవాళ నాలా పక్క గల్లీలో, ఆ మురుగు కాలువ ఒడ్డున, ఆ వాసన మధ్యే తిరిగాను. రేపు మళ్లీ పెద్ద వాన అంటున్నారు. కార్పొరేటర్‌గా నాకిదే మొదటి వానాకాలం. నేను మట్టెవాడలో బట్టల కొట్టు వాళ్ల పిల్లని, మా ఇంట్లోకి ఎన్నడూ వరద రాలేదు. ఎన్నికల్లో అవతలి వాళ్లు దాన్నే పట్టుకున్నారు. కాలు తడవని మనిషికి మన గోస ఏం తెలుస్తదని ఇంటింటికీ తిరిగి చెప్పారు. గెలిచానన్న మాటే గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అది గుచ్చినప్పుడల్లా నాకు రాజక్క గుర్తొస్తుంది.

రాజక్క ఒకప్పుడు ఇక్కడి కార్పొరేటర్. నెక్కొండ వైపు నుంచి కూలికి వచ్చిన కుటుంబం. ఈ నాలా ఒడ్డునే గుడిసె వేసుకుని, మార్కెట్ యార్డులో మిరపకాయల తొడిమలు తీస్తూ పిల్లల్ని పెంచింది. దరఖాస్తులు రాయడానికి, ఫోన్లు ఎత్తడానికి నేను ఆమె దగ్గర చేరాను. ఎవరి కష్టమైనా సగం చెప్పకముందే ఆమెకు అర్థమైపోయేది. ఒకామె రేషన్ కార్డు అడగడానికి వచ్చి గుమ్మంలో తటపటాయిస్తుంటే, ముందు లోపలికొచ్చి అన్నం తినమని కంచం పెట్టింది. ఆ మనిషి పొద్దుటి నుంచి తినలేదని నాకు తట్టనే లేదు. కష్టపడి పైకొచ్చిన వాళ్లే జనాన్ని ఏలాలని అప్పట్లో నేను గట్టిగా నమ్మేదాన్ని. ఆమెను చూస్తే కొంచెం కుళ్లుగా కూడా ఉండేది.

ఆమె కార్పొరేటర్‌గా ఉన్నప్పుడే ఒక శ్రావణంలో వాన పట్టుకుని వదల్లేదు. మధ్యాహ్నానికి నాలా గట్టు అందుకుంది. గల్లీ చివరి ఇంట్లో అనిత అనే అమ్మాయి, నెలలు నిండిన మనిషి, అత్తతో ఉంది. భర్త లారీ మీద ఎటో వెళ్లాడు. తమను బడి బిల్డింగుకు చేర్చమని, ట్రాక్టర్ పంపమని ఆమె ఫోన్ చేసింది. రాజక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. మంచం మీద మంచం ఎయ్యి, ఎక్కి కూసో. నేను గూడ గట్లనే కూసున్న, సంకల పిల్లనేసుకొని. పొద్దూకేటాల్లకు నీళ్లు తీస్తయి."

ఆ గల్లీ వాళ్లంతా చేసేది అదే. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, పైన ఇంకో మంచం, దాని మీద బియ్యం సంచి, పొయ్యి, మనుషులు. ఎన్నో వరదలు అలా దాటేశారు. అయినా ట్రాక్టర్ పంపుదామని నేనంటే, ఇల్లు వదిలి వెళ్తే వాళ్లకున్నదీ కొట్టుకుపోతుందని, అది నాకు తెలియదని మెత్తగా చెప్పింది. నిజమే, నాకు తెలియదు. కానీ ఆమె గుడిసెలో ఉన్నప్పటి నాలా వేరు. ఈలోగా దాని రెండు వైపులా గోడలు లేచాయి, నీళ్లు పోయే దారి సగమైంది. పొద్దు వాలుతున్నా నీళ్లు తీయలేదు, పెరిగాయి. పై మంచం కూడా తడుస్తోందని అనిత అత్త ఫోన్‌లో ఏడుస్తుండగానే లైన్ తెగిపోయింది.

రాజక్క చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. అప్పటికి ట్రాక్టర్ గల్లీలోకి దిగే వీలు లేదు. తాడు పట్టుకుని నలుగురు మగవాళ్లు, వాళ్ల ముందు ఛాతీ లోతు నీళ్లలో ఆమె. నేను గల్లీ మొదట్లోనే నిలబడ్డాను. లారీ ట్యూబు మీద అనితను, ఆమె అత్తను బయటికి తెచ్చేసరికి నొప్పులు మొదలయ్యాయి. దవాఖానలో పసిబిడ్డ ఏడుపు వినిపించేదాకా రాజక్క తడి చీరతోనే వరండాలో నిలబడింది. తర్వాత గోడకు చేరగిలబడి నాతో మెల్లగా అంది:

"నా గోస నాకెరుకే. గా పిల్ల గోస గూడ నాకెరుకనే అనుకున్న. దాన్ని అడుగనే లేదు."

ఆ తర్వాత ఎవరొచ్చినా వాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగేది. ఇదివరకు చెప్పకముందే అర్థం చేసుకునేది, ఇప్పుడు మారిపోయిందని జనం గొణిగారు. ఆమె పట్టించుకోలేదు.

ఆమె పోయి రెండేళ్లయింది. ఇవాళ ఆ గల్లీలో గడప గడపకూ వెళ్లి, రేపు నీళ్లొస్తే మీకేం కావాలని అడిగాను. ఒక ముసలాయన తన మేకలకు కూడా చోటిస్తేనే కదులుతానన్నాడు. నా అంతట నేనైతే ఆ మాట అనుకునేదాన్నే కాదు. వెంటనే బడి వెనక షెడ్డు ఖాళీ చేయించాను.

ఏమీ తెలియదు కాబట్టి అడుగుతున్నాను. ఇంకో నాలుగు వానాకాలాలు పోతే ఈ గల్లీలు, ఈ నీళ్లు నాకూ తెలిసిపోతాయి. అప్పుడు కూడా అడుగుతానా అన్నదే నా భయం.