మైపాడు ఐస్ ప్లాంటులో పోసిన అరవై ఎనిమిది నంబరు ఆయిలు

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను మైపాడు ఐస్ ప్లాంటుకు కూడా మెయింటెనెన్స్ ఇన్‌చార్జిగా వేశారు. అప్పటికే వెంకటాచలం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, గూడూరులో నిమ్మకాయల కోల్డ్ స్టోరేజి నా కిందే ఉండేవి. మూడూ ఒకే యాజమాన్యానివి. నా హోదా సీనియర్ ఇంజనీరు. రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉంది. సిబ్బంది నా వెనకాల నన్ను ‘నూనె సారు’ అనేవారని నాకు తెలుసు. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు నచ్చేది.

ఏ యంత్రానికి ఏ ఆయిలు పోయాలన్నది ముప్పై ఏళ్ళుగా నా పిచ్చి. కొత్త ఫిట్టరు ఎవరైనా ఆయిలును రెండు వేళ్ళ మధ్య రుద్ది బాగానే ఉందంటే, అతణ్ణి అక్కడే నిలబెట్టి అరగంట క్లాసు పీకేవాణ్ణి. ఆయిలుకు నంబరు ఉంటుంది. ముప్పై రెండు, నలభై ఆరు, అరవై ఎనిమిది, అలా. నంబరు పెరిగేకొద్దీ చిక్కదనం పెరుగుతుంది. కానీ నంబరు సగం సంగతే. ఆ ఆయిలు ఏ పని కోసం తయారైంది, అందులో ఏ రసాయనాలు కలిపారు అన్నది మిగతా సగం. ఈ రెండో సగం చెప్పకుండా నేను నోరు మూసుకున్న రోజు ఒక్కటే ఉంది.

ఐస్ ప్లాంటుకు గుండెకాయ అమ్మోనియా కంప్రెసరు. దానిలోని ఆయిలు కొంచెం కొంచెంగా అమ్మోనియాతో పాటు పైపుల్లోకి పోతుంటుంది. అందుకని గాజు అద్దంలో మట్టం చూసుకుంటూ తగ్గినప్పుడల్లా పోయాలి. దానికి పనికొచ్చేది రిఫ్రిజరేషన్ ఆయిలు ఒక్కటే. అమ్మోనియాతో కలిసినా, గడ్డకట్టే చలిలో తిరిగినా చెడిపోకుండా దాన్ని ప్రత్యేకంగా శుద్ధి చేస్తారు. మాకు ఆ డ్రమ్ములు, అరవై ఎనిమిది నంబరువి, మద్రాసు నుంచి వచ్చేవి.

కంప్రెసరు ఆపరేటరు దావీదు. నలభై దాటిన మనిషి. ఒకప్పుడు పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. చదువు ఏడో తరగతితో ఆగినా గంటగంటకూ ప్రెజర్లు లాగ్‌బుక్కులో అచ్చు గుద్దినట్టు రాసేవాడు. ఆదివారం చర్చికి వెళ్ళాలంటే షిఫ్టు మార్చుకునేవాడు తప్ప, నడుస్తున్న మెషీన్‌ను వదిలి కదిలేవాడు కాదు.

మా తీరంలో ఏటా వేసవిలో రెండు నెలలు వేట నిషేధం. ఐస్ ప్లాంట్లు ఆ రెండు నెలల్లోనే కంప్రెసర్లు విప్పి సర్వీసు చేసుకుంటాయి. మేమూ చేశాం. ఉన్న ఆయిలంతా దానికే అయిపోయింది. కొత్త డ్రమ్ముకు ఇండెంటు నేనే ఆలస్యంగా పెట్టాను. ఈలోగా నిషేధం ముగిసింది. గంగమ్మకు కొబ్బరికాయలు కొట్టి పడవలన్నీ ఒక్కసారే నీళ్ళలోకి దిగాయి. అందరికీ అదే రోజు ఐసు కావాలి.

ఆ మర్నాడు ఉదయం నేను గూడూరులో ఉన్నాను. అక్కడ ఫ్యాను మోటారు కాలిపోయి తల పట్టుకుని ఉంటే దావీదు ఫోను చేశాడు.

“సార్, ఆయిలు అద్దం అడుగుకి దిగిపొయ్యింది. మెడ్రాసు డ్రమ్ము ఇంకా రాలేదు. మెషీన్ ఆపమంటారా?”

“ఆపొద్దు. అరవై ఎనిమిది నంబరు ఎక్కడైనా దొరుకుతుందేమో చూసి పొయ్యి,” అన్నాను.

మైపాడు రోడ్డులో అరవై ఎనిమిది దొరకకేం? చుట్టూ రొయ్యల చెరువులు. వాటిని తవ్వే పొక్లెయిన్లకు పోసే హైడ్రాలిక్ ఆయిలు అదే నంబరు. గంటలో వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. డబ్బా మీద నంబరు కనబడేలా జాగ్రత్తగా తీసిన ఫోటో. నేను నంబరు చూశాను. పైనున్న పేరు చదవలేదు. సరేనన్నట్టు బొటనవేలు గుర్తు పంపించి మోటారు పనిలో పడ్డాను.

హైడ్రాలిక్ ఆయిలులో అరుగుదల తగ్గడానికి రసాయనాలు కలుపుతారు. పొక్లెయిన్‌కు అవి మేలు. అమ్మోనియా తగిలితే మాత్రం అవే విరిగి మడ్డిగా మారతాయి. నాలుగో రోజుకు ఆ మడ్డి ఫిల్టరును పూడ్చేసింది. ఆయిలు ప్రెజరు పడిపోయింది. ప్రెజరు పడితే మెషీన్‌ను ఆపే కటౌట్ స్విచ్చి ఉంది. అది పనిచేసింది కూడా. కానీ అప్పటికే బేరింగులు పట్టేసి క్రాంకు షాఫ్టు గీసుకుపోయింది. సామాన్లు వచ్చి మళ్ళీ మెషీన్ తిరిగేసరికి పన్నెండు రోజులు పట్టింది.

ఆ పన్నెండు రోజుల్లో ఒకరోజు పోలమ్మ అనే చేపలావిడ గేటు దగ్గర నన్ను ఆపింది. “రెండు నెల్లు చేతులు కట్టుకొని కూర్చున్నాం. మొదట పడిన చేప ఐసు లేక ఎండబెట్టుకున్నాం. మీ మెషీన్‌కి ఏ రోగం వచ్చిందయ్యా?” అంది. నేను తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాను.

విచారణ వెంకటాచలం ఆఫీసులో జరిగింది. జనరల్ మేనేజరు, నేను, ఎదురుగా నిలబడి దావీదు. ఆయిలు ఎవరు తెమ్మన్నారని మేనేజరు అడిగారు.

“సారుకి చెప్పే తెచ్చినాను. సారు అరవై ఎనిమిదే పొయ్యమన్నారు. ఆయిలు కొట్టాయన నాకు కల్తీది అంటగట్టినట్టుంది సార్,” అన్నాడు దావీదు.

మేనేజరు నావైపు తిరిగారు. నంబరు చెప్పింది నేనేనని, రిఫ్రిజరేషన్ ఆయిలే తేవాలన్నది పన్నెండేళ్ళ అనుభవమున్న ఆపరేటరుకు వేరే చెప్పనక్కర్లేదని నేనన్నాను. అంటున్నంతసేపూ దావీదు చొక్కా జేబులోని ఫోను మీదే నా చూపు. ఆ ఫోటో, దాని కింద నా బొటనవేలు, అందులో ఉన్నాయి. అతను ఫోను తీస్తే నా పని అయిపోయేది. తీయలేదు. నా జేబులోనూ ఒక ఫోను ఉంది. నేనూ తీయలేదు.

‘కారణం: ఆపరేటరు సరికాని ఆయిలు పోయడం.’ రిపోర్టులో ఆ వాక్యం నా చేతిరాతే. దావీదును ఉద్యోగంలోంచి తీసేశారు. మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా ఏ ఐస్ ప్లాంటూ అతణ్ణి కంప్రెసరు గదిలోకి రానివ్వలేదు. నేను మాత్రం ఏడాదికి పూలదండతో రిటైరయ్యాను. ఆ సభలో కూడా నన్ను నూనె సారు అనే పొగిడారు. సిగ్గుతో చచ్చిపోయాను.

గత ఏడాది ఓ బంధువు చెరువు చూడ్డానికి మైపాడు వెళ్తే, పక్క చెరువు గట్టు మీద దావీదు కనబడ్డాడు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లకు కాపలా. చేతులు చీరుకుపోయి ఉన్నాయి. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. కాసేపటికి అడిగాడు:

“సార్, ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకుంటన్నా. ఆ డబ్బా కల్తీదే కదా?”

కాదని చెప్పాను. అది అసలైన ఆయిలేనని, కాకపోతే అమ్మోనియాకు పనికిరాని రకమని, ఫోటో చూసినప్పుడే నేను ఆపాల్సిందని, తప్పు నాదేనని చెప్పాను. అంతా చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అతను కోప్పడితే బాగుండునని చూశాను. అతనన్నది ఇదొక్కటే:

“అయితే ఆ కొట్టాయన్ని ఊరికే తిట్టినాను సార్. బజార్లో, అందరి ముందర. పొయ్యి చెప్పాల.”

యంత్రానికి ఆయిలు చెప్పేటప్పుడు దాని రకం, నంబరు రెండూ కాగితం మీద రాసి, కింద చెప్పినవాడి సంతకం పెట్టాలి. ఇది నాకు ముందే తెలుసు, ముప్పై ఏళ్ళు ఇతరులకు నేర్పాను కూడా. ఆ ఉదంతం నాకు చూపించింది ఇంకొకటి: నాకు తెలిసినదంతా ఆయిలు గురించే. దావీదు ఆ సాయంత్రమే కొట్టాయన దగ్గరికి వెళ్ళి వచ్చాడట. నా రిపోర్టు మాత్రం వెంకటాచలం ఆఫీసు ఫైల్లో నేను రాసినట్టే ఉంది.